మగ్గం గుంట లోతు

గవర్నర్‌పేటలో ఒక మందుల షాపు ముందు నడుం బెల్టులు వరసగా వేలాడదీసి ఉన్నాయి. వాటిని చూసి నడిరోడ్డు మీద పకపకా నవ్వేశాను. వెనక ఆటోవాడు హారన్ కొట్టి, "ఏంటమ్మా, పక్కకి జరిగి నవ్వుకోవచ్చుగా!" అని కసిరాడు. అతని తప్పేం లేదు. నేను బెజవాడ బస్టాండుకి వెళ్తున్నది ఒక చావింటికి బయల్దేరి. పెడనలో పిన్నిగారు పోయి పది రోజులైంది, మర్నాడు పెద్దకర్మ. అచ్చం అలాంటి బెల్టునే ఒకప్పుడు ఆవిడ ఏం చేసిందో గుర్తొచ్చి, ఏడవాల్సిన మనిషిని నవ్వాను. ఆవిడ బతికుంటే ఆటోవాడికి నాలుగు తగిలించి, తర్వాత నాతో కలిసి నవ్వేది.

పిన్నిగారు నాకు చుట్టం కాదు. తొంభైల మొదట్లో పెడనలో లెక్కల టీచరుగా నా మొదటి ఉద్యోగం. ఆవిడ ఇంట్లో వీధివైపు గది అద్దెకి తీసుకున్నాను. లోపల ఆవిడా, ముసలి అత్తగారూ ఉండేవాళ్లు. కొడుకు ఒక్కడే, ఇబ్రహీంపట్నంలో కాంట్రాక్టరు దగ్గర వెల్డింగ్ పని. మధ్య సావిట్లో గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, గట్టున చెక్క మీద కూర్చుని నేస్తారు. గుంట అడుగున రెండు చెక్కలుంటాయి. వాటిని మార్చి మార్చి తొక్కుతుంటే పడుగు దారాలు విడివడతాయి, ఆ సందులోంచి అడ్డపోగు మోసే నాడె అటూ ఇటూ పరిగెడుతుంది. భర్త ఉన్నన్నాళ్లూ ఆవిడ నాడెలో పెట్టే నూలు కండెలు మాత్రమే చుట్టేది. ఆయన పోయిన నెల తిరక్కుండా వెళ్లి ఆ గుంటలో కూర్చుంది. నేను ఆ ఇంట్లో దిగేసరికి అలా కూర్చోబట్టి పదేళ్లు.

దిగిన మర్నాడు పొద్దున్నే సావిట్లోంచి మాటలు వినిపించాయి.

"వచ్చావా తల్లీ! నీకు వేళాపాళా లేదు కదా. ఆ మూల కూర్చో. నాకు పనుంది."

ఎవరో చుట్టాలొచ్చారనుకుని తొంగి చూశాను. ఆవిడ తప్ప పురుగు లేదు. రెండు అరచేతులూ గుంట గట్టుకి ఆనించి, పళ్లు బిగబట్టి, పైకి లేవడానికి తంటాలు పడుతోంది.

"ఎవరితోనండీ మాటలు?"

"నడుం నొప్పితో. మీకంటే ముందు దిగిన అద్దెవాళ్లు టీచరమ్మా. మీరైతే చెబితే వింటారు. ఇది వినదు."

మనిషి అయిదడుగులు కూడా ఉండదు. ఎత్తు తక్కువని ఎవరైనా అంటే ఊరుకునేది కాదు. అటక మీద డబ్బా నన్ను తీసి ఇమ్మని అడగడం ఇష్టంలేక, పీట మీద పీట వేసి ఎక్కేది. ఒకసారి నేను కంగారుపడి, "నడుం పట్టేస్తుందండీ, దిగండి" అన్నాను. "పట్టేస్తే పట్టెయ్యనివ్వండి, డబ్బా అయితే దొరుకుద్దిగా" అంది. నొప్పి అంటే ఆవిడకి భయం లేదని అనుకోకండి. ఉంది. నొప్పి ఎక్కువైన రోజు ఎవరితోనూ మాట్లాడేది కాదు, పప్పులో ఉప్పు వెయ్యడం మర్చిపోయేది. భయం ఉన్నట్టు దానికి తెలియకూడదు, అంతే.

మరుసటి వేసవిలో ఆ నొప్పి నడుం దాటి కుడికాలి మడమ దాకా జారింది. అడుగు తీసి అడుగు వెయ్యలేకపోయింది. కొడుకు పరిగెత్తుకొచ్చాడు. "మగ్గం పీకేద్దామమ్మా. నువ్వూ నాయనమ్మా నా దగ్గరికి వచ్చెయ్యండి. ఇంక చాలు" అన్నాడు. మంచి పిల్లాడే, తల్లి మీద ప్రేమతోనే అన్నాడు. ఆవిడ మాత్రం గోడవైపు తిరిగి పడుకుని, వాడు బస్సెక్కేదాకా ఇటు తిరగలేదు. ఆ మగ్గం ఆవిడ తిండి ఒక్కటే కాదు. ఆ ఇంట్లో ఆవిడ మాట చెల్లుతోందంటే మగ్గం ఆడుతోంది కాబట్టి. అది పోతే కొడుకింట్లో ఒక మూల, ఒక మంచం. మేమిద్దరం ఈ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు గానీ ఇద్దరికీ తెలుసు.

బెజవాడ తీసుకెళ్లింది నేనే. గవర్నర్‌పేటలో ఎముకల డాక్టరు, పేరున్న మనిషి. ఎక్స్‌రే తీయించి, లైటు మీద పెట్టి చూసి, మొహం ఇటు తిప్పకుండానే చెప్పాడు.

"డిస్కు అరిగిందమ్మా. మగ్గం మానెయ్యాలి. ఆరు వారాలు మంచం దిగకూడదు. లేస్తే బెల్టు పెట్టుకో. వినకపోతే ఆపరేషనే."

"డాక్టరుగారూ, మీరెప్పుడైనా మగ్గం చూశారాండీ?"

"నేను మగ్గం చూడక్కర్లేదమ్మా. వెన్నుపూస చూశానుగా."

"వెన్నుపూస ఒక్కటే పోయి మగ్గం మీద కూర్చోదండీ. నేనూ కూర్చుంటాను."

ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. కానీ ఆవిడ మొండిదే తప్ప తెలివితక్కువది కాదు. బయటికి వచ్చే ముందు ఆగి, ఇంకోటి అడిగింది. "ఎప్పుడు భయపడాలో అది చెప్పండి బాబూ. మిగతాది నేను చూసుకుంటాను." ఆ ప్రశ్నకి ఆయన కుర్చీలోంచి ముందుకి వంగి, ఓపిగ్గా చెప్పాడు. కాలు మొద్దుబారి పట్టు తప్పినా, ఒంటేలు ఆగిపోయినా, తెలియకుండా పోయినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, జ్వరంతో కలిసి నొప్పి వచ్చినా ఒక్క రోజు కూడా ఆగకుండా రమ్మన్నాడు. బస్సులో గుడివాడ దాకా ఆవిడ వాటిని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూనే ఉంది.

పదిహేను రోజులు బుద్ధిగా మంచం మీద పడుకుంది. అత్తగారు మాత్రం రోజూ పొద్దున్నే స్నానం చేసి, ఖాళీ గుంట గట్టు తుడిచి, బొట్టు పెట్టి, దండం పెట్టుకునేది. ఆ గుంట ముసలావిడ భర్త తవ్వించింది, కొడుకు, అంటే పిన్నిగారి భర్త, కాళ్లు కొలిచి. కుర్రాడు మొదటిసారి మగ్గమెక్కేటప్పుడు గట్టు మీద కూర్చోబెట్టి, మోకాలి నుంచి మడమ దాకా దారంతో కొలిచి, అంత లోతు తవ్వుతారట. కొడుకు పోయాక ముసలావిడకి మిగిలింది ఆ గుంటే. "మావాడి చోటు" అనేది. పొరపాటున ఎవరైనా అందులో చీపురు పెడితే ఊరు లేచిపోయేలా అరిచేది.

పదహారో రోజున పిన్నిగారు గోడ పట్టుకుని లేచి నిలబడింది. కాళ్లు గజగజా వణికాయి.

"చూశారా టీచరమ్మా. పడుకుంటే నొప్పి తగ్గలేదు. నేను తగ్గాను."

ఆ రోజు గేటు దాకా నడిచింది. మర్నాడు రెండుసార్లు నడిచింది. వారం తిరిగేసరికి కాలవ వంతెన దాకా వెళ్లి వచ్చేది, పమిట బిగించి, ఎవరైనా పలకరిస్తే ఆగకుండానే జవాబిస్తూ. పక్కింటివాళ్లు "డాక్టరు వద్దన్నాడుగా" అంటే, "డాక్టరుకి మంచం అమ్మేవాడితో పొత్తుందేమో" అనేది. అలా అనడం తప్పే. కానీ కాలి నొప్పి మాత్రం నెమ్మదిగా పైకి పోయి నడుం దగ్గర ఆగింది. డాక్టరు కొనిపించిన బెల్టు తీసుకెళ్లి, మగ్గం నిలబెట్టే నిట్రాట గుంజ పగిలి ఉంటే దానికి బిగించి కట్టింది. "దీని నడుం నా నడుం కన్నా అధ్వానంగా ఉంది. ఎవరికి కావాల్సింది వాళ్లకి పెట్టాలి" అంది. నేను గవర్నర్‌పేటలో నవ్వింది దానికే.

మగ్గమెక్కింది. ఎక్కిన నాలుగో రోజుకి నొప్పి మళ్లీ మొదలైంది. ఈసారి దాంతో మాట్లాడలేదు. నాకు అప్పుడు భయమేసింది.

ఆ ఆదివారం ఆవిడ వంటింట్లో ఉండగా, ఊరికే సరదాకి వెళ్లి గుంటలో కాళ్లు దించి కూర్చున్నాను. ముసలావిడ గుడికి వెళ్లింది కాబట్టి ధైర్యం. నాడె విసరడం రాదుగానీ చెక్కలు తొక్కుతూ, "పిన్నిగారూ, హాయిగా ఉందండీ, మా స్కూలు కుర్చీ కంటే నయం!" అని కేకేశాను. గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. నా మొహం చూడలేదు, గుంటలోకి చూసింది. నేను ఆడవాళ్లలో బాగా పొడుగు. నా పాదాలు రెండూ మడమలతో సహా చెక్కల మీద పరుచుకుని ఉన్నాయి.

"లేవండి" అంది. లేచాను. ఆవిడ కూర్చుంది. "చూడండి నా కాళ్లు" అంది.

చూశాను. వేళ్ల కొసలు మాత్రమే అందుతున్నాయి. అవి అందడానికి గట్టు కొసకి జారి, నడుం వంచి, ముందుకి వేలాడినట్టు కూర్చుంది. లెక్కలు చెప్పేదాన్ని, ఏడాదిగా రోజూ చూస్తున్నదాన్ని, నాకు కనపడలేదు.

"ఆయనా మీ పొడుగే" అంది మెల్లగా. తర్వాత ఒక్కసారిగా గరిటె నేలకేసి కొట్టింది. "పదకొండేళ్లు! పదకొండేళ్లు ఆయన కాళ్లతో నేశానండీ నేను! పోగు తేడా వస్తే లెక్క, అంచు తేడా వస్తే లెక్క. నేసేదాని కాలెంతో ఒక్క సన్నాసీ కొలవలేదు. నేనూ కొలవలేదు, దద్దమ్మని!"

సాయంత్రానికల్లా తట్టెడు బంకమన్ను తెచ్చి పెట్టింది. అత్తగారు గుడి నుంచి వచ్చి ఆ తట్ట చూసింది. విషయం తెలిశాక గుంటకి అడ్డంగా కూర్చుంది.

"నా కొడుకు చోటు పూడుస్తావంటే?"

"పూడ్చేది గుంటని అత్తా. ఆయన్ని కాదు."

"నేను పోయాక నీ ఇష్టం."

"నువ్వు పోయేదాకా నా నడుం ఆగదు."

అంత మాట అనేసింది. ముసలావిడ అన్నం మానేసింది. రెండు రోజులు ఆ ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మనుషుల చప్పుడు లేదు. మూడో రోజు పొద్దున పిన్నిగారు వచ్చి అత్తగారి పక్కన గట్టు మీద కూర్చుంది. గొంతు తగ్గించి, "అత్తా, ఒక్కసారి నువ్వు కాళ్లు దించు. ఒక్కసారే. తర్వాత నువ్వెట్టా చెబితే అట్టా" అంది.

ఆ ముసలావిడ పుట్టి బుద్ధెరిగి గుంటలో కాలు పెట్టలేదు. వాళ్ల కాలంలో ఆడవాళ్లు కండెల దగ్గరే. కోడలు చెయ్యి పట్టుకుని భయంభయంగా దించింది. ఆవిడ కోడలి కంటే పొట్టి. పాదాలు గాలిలో ఉన్నాయి. కింద చెక్కల కోసం వెతుక్కుంటూ అటూ ఇటూ ఆడించింది. అందలేదు. ఎంతసేపటికీ అందలేదు.

"వాడింత పొడుగయ్యాడా" అంది. కొడుకు చచ్చిపోయిన పదకొండేళ్లకి వాడి ఎత్తు ఆవిడకి కాళ్లతో తెలిసింది. భోరుమని ఏడ్చింది. పిన్నిగారూ ఏడ్చింది. నేను స్కూలుకి ఆలస్యమై, అక్కడే నిలబడి నేనూ ఏడ్చాను.

చివరికి మొదటి దోసెడు మన్ను వేసింది ముసలావిడే. దానికి ముందు కొడుకు వాడిన పాత నాడె తెచ్చి, గుంట అడుగున పడుకోబెట్టింది. దాని మీద మన్ను మెత్తి, చదును చేసి, చెక్కలు పైకి బిగించారు. నేను పిన్నిగారి మోకాలి నుంచి మడమ దాకా దారంతో కొలిచి, స్కేలు పెట్టి లోతు చూశాను. నా లెక్కలు ఒక మనిషికి పనికొచ్చిన రోజు నాకు తెలిసి అదొక్కటే.

నొప్పి మాయమైందని చెబితే ఆవిడ నన్ను క్షమించదు. మాయం కాలేదు. ఏడాదికి నాలుగైదుసార్లు వచ్చేది, వచ్చినప్పుడు "ఆ మూల కూర్చో" అనిపించుకుని, నాలుగు రోజులుండి పోయేది. ఎక్కువసేపు ఒకే తీరుగా కూర్చోనిస్తే అది బలుస్తుందని ఆవిడ కనిపెట్టింది. అందుకని పడుగు అంచున మూరకొక ఎర్ర దారం ముడి వేసేది. నేస్తూ నేస్తూ ఆ ముడి రాగానే, పోగు మధ్యలో ఉన్నా సరే, లేచి గేటు దాకా వెళ్లి, గేటుని చేత్తో ముట్టుకుని వచ్చేది. నూలిచ్చి చీరలు నేయించుకునే షావుకారు పంపిన మనిషి చూసి, "ఇన్నిసార్లు లేస్తే చీర ఎప్పటికవుద్దమ్మా?" అని విసుక్కున్నాడు. "నేను మంచం పడితే ఎప్పటికవుద్దో, దానికంటే ముందే అవుద్దిలే బాబూ. కావాలంటే నువ్వూ గేటు ముట్టుకుని రా, నీ బొజ్జకీ మంచిది" అంది.

ఒకసారి నీళ్ల బిందె ఎత్తుతుంటే నాకే పట్టేసింది. కదిలితే ప్రాణం పోతుందనిపించి, మంచం మీద కొయ్యలా పడుకుని, ఇంక నా బతుకింతే అని ఏడుస్తున్నాను. ఆవిడ వచ్చి గవర్నర్‌పేట డాక్టరు చెప్పినవన్నీ ఒక్కొక్క వేలు మడుస్తూ అడిగింది. కాలు మొద్దుబారిందా? ఒంటేలు సరిగ్గా వస్తోందా? జ్వరముందా? అన్నిటికీ బాగానే ఉందన్నాను.

"ఒక్కటి తేడాగా చెప్పినా ఇప్పుడే బస్సెక్కించేదాన్ని. ఏమీ లేదుగా, లే మరి."

"చచ్చిపోతానండీ."

"చావరు. తిడుద్ది, అరుస్తది, అంతే. అది అరిచినంత మాత్రాన లోపలేదో విరిగినట్టు కాదు. ముందు పక్కకి దొర్లండి. ఆఁ, చెయ్యి ఆనించండి. కాళ్లు దించండి. నా భుజం ఉందిగా."

గేటు దాకా పన్నెండు అడుగులు. ఆ పన్నెండు అడుగులూ ఆవిణ్ణి తిట్టుకుంటూ నడిచాను. గేటు ముట్టుకున్నాక ఆవిడ చప్పట్లు కొట్టింది, వీధిలో పోయేవాళ్లు వింతగా చూశారు. ఈ రోజుకీ జవాబు పత్రాలు దిద్దేటప్పుడు కట్టలో పదికొకటి చొప్పున ఎర్ర దారం ముక్క పెట్టుకుంటాను. దారం రాగానే లేస్తాను. నా నడుం గురించి నాకున్న చదువంతా అదే.

బదిలీ మీద బెజవాడ వచ్చేశాక కూడా ఏడాదికోసారైనా వెళ్లేదాన్ని. ముసలావిడ పోయింది. కాంట్రాక్టు పని ఆగిపోయి కొడుకు భార్యతో సహా తిరిగి ఇంటికే వచ్చాడు. కోడలు మగ్గం తెలిసిన ఇంటి పిల్ల, నాకంటే అరచెయ్యి పొడుగు. అత్తాకోడళ్లకి బాగా కుదిరింది. అత్త పడుకున్నప్పుడు కోడలు ఆ పొట్టి గుంటలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని నేసేది. పిన్నిగారు చివరిదాకా మగ్గం దిగలేదు. నాలుగు రోజుల జ్వరంతో పోయింది. నడుంతో కాదు. ఆ సంగతి గట్టిగా చెప్పాలి.

పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున, నేను బయల్దేరుతుంటే సావిట్లో గొడవ. మగ్గానికి పూలదండ వేశారు. నేసిన బట్ట చుట్టుకునే దూలం మీద దండతో పిన్నిగారి ఫొటో. నిట్రాటకి ఇంకా ఆ బెల్టు ఉంది, రంగు పోయి. కోడలి చేతిలో గునపం, గుంటకి అడ్డంగా కొడుకు.

"అమ్మ కూర్చున్న చోటు. దాని జోలికి రావద్దు" అంటున్నాడు. అచ్చం వాళ్ల నాయనమ్మ గొంతు. నాకు ఒళ్లు మండింది, కానీ కోడలే అందుకుంది.

"మీ అమ్మగారేమన్నారో టీచరుగారి ముందు చెప్పమంటారా? 'నే పోయాక నా గుంటకి దండాలు పెట్టుకుంటా కూర్చోమాకండి. నీ కాలు కొలుచుకుని తవ్వుకో. తవ్వకపోతే దెయ్యమై వచ్చి నీ నడుం మీద కూర్చుంటా' అన్నారు. తప్పుకోండి."

అతను నావైపు చూశాడు. నేను తలూపాను. తప్పుకున్నాడు. ఎండిన బంకమన్ను పెళ్లలుగా లేచింది. కాసేపటికి గునపం దేనికో తగిలింది. చేత్తో తీసింది. చెక్క పుచ్చిపోయి, ఇనప కొసలు తుప్పు పట్టిన నాడె. అదేమిటో అక్కడ నాకొక్కదానికే తెలుసు, చెప్పాను. కొడుకు దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని నేల మీద కూలబడ్డాడు.

"నాన్న లోతు వచ్చేసింది. ఇంక చాలు, ఆపు" అన్నాడు.

కోడలు గట్టు మీద కూర్చుని కాళ్లు దించి చూసుకుంది. "చాల్లేదండీ. ఇంకో రెండు వేళ్లు తవ్వాలి."

నేను వంగి, ఆమె మోకాలి నుంచి మడమ దాకా దారం పట్టి, గుంటలోకి దించి కొలిచాను. "రెండు కాదు, రెండున్నర" అన్నాను.

అతను నేల మీంచి లేచాడు. నాడెని కిటికీలో పెట్టి, ఆమె చేతిలోంచి గునపం తీసుకున్నాడు. ఆ ఇంట్లో ఎవరూ తవ్వనంత లోతు తవ్వాడు, కళ్లు తుడుచుకుంటూనే.

చెక్కలు బిగించాక కోడలు కాళ్లు దించింది. రెండు పాదాలూ మడమలతో సహా ఆనాయి. మగ్గం మీది నాడె చేతిలోకి తీసుకోబోతే దూలం మీద ఫొటో అడ్డంగా ఉంది. దండతో సహా దాన్ని తీసి, మూలనున్న పీట మీద పెట్టింది.

"ఆ మూల కూర్చోండి అత్తా. నాకు పనుంది."